చివరి అధ్యాయానికి అర్హులు

కథ ముగింపు అందరికీ ఒకే క్షణాన తెలియాలి, ఒకరికి ముందు, ఒకరికి వెనక తెలియడం అన్యాయం అని మా తణుకులో ఈమధ్య ఒక నిబంధన వచ్చింది. నేను పదో తరగతితో చదువు ఆపి పూజాసామాన్ల కొట్టు పెట్టుకున్నవాణ్ణి. నిబంధనల మంచిచెడ్డలు ఎంచేపాటివాణ్ణి కాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

దీనికంతటికీ మూలం ‘ఏడో తాళంచెవి’ అనే నవల. గోదావరి రేవులో తప్పిపోయిన రత్నమాల అనే పిల్ల కోసం ఆ పిల్ల అక్క ఊరూరా వెతకడమే కథ. అప్పటికి ఐదు భాగాలు వచ్చాయి. కొత్త భాగం వచ్చిన వారం మా ఊళ్లో పెళ్లిచూపులు కూడా పెట్టుకోరు. నిరుడు ఐదో భాగం వచ్చిన రోజున ఒకాయన పొద్దున్నే కొని, మధ్యాహ్నానికి చదివేసి, సాయంత్రం భీమవరం బస్సులో చివర ఏమైందో గట్టిగా చెప్పేశాడట. బస్సులో ఉన్న నలభై ఇద్దరూ సంతకాలు చేసి అర్జీ పెట్టారు. కండక్టరు విడిగా ఇంకొకటి పెట్టాడు, విధినిర్వహణలో ఉండగా తన చెవిన ముగింపు పడిందని.

అర్జీలు పైకి వెళ్లాయి. పైవాళ్లు వాటిని జిల్లా గ్రంథ వినియోగ సంస్థకు పంపారు. మా ఊళ్లో పుస్తకాల దుకాణం నడిపేది ఆ సంస్థే. వారు ఒక బృందాన్ని విదేశాలకు పంపించి చూడగా, అక్కడ పేరున్న నవలల్ని అర్ధరాత్రి విడుదల చేస్తారని తేలింది. పగటిపూట అమ్ముతారో లేదో కనుక్కోవడానికి బృందానికి వ్యవధి చాలలేదట. వచ్చాక ‘ముగింపు సమానత్వ విధానం’ అని పద్దెనిమిది నిబంధనలు రాశారు. ఆరో భాగం, అంటే ఆఖరి భాగం, గురువారం రాత్రి పన్నెండు గంటలకు విడుదల అని దుకాణం తలుపుకి నోటీసు అంటించారు.

మా అక్కయ్య మాణిక్యాంబకు శుక్రవారం పొద్దున ఆరు గంటలకు కంటి ఆపరేషను.

ఆవిడ నలభై ఏళ్లు జాకెట్లు కుట్టి బతికిన మనిషి. కుడికన్ను పోయి పన్నెండేళ్లయింది. ఎడమ కంటి వెనక పొర పలచబడింది, అది చిరిగేలోగా ఆపరేషను చెయ్యాలన్నారు. చేస్తే నిలుస్తుందా అంటే డాక్టరు పైకి చూశాడు. నేను కూడా రోజూ చూసే దిక్కే కనక ఇంకేమీ అడగలేదు.

“ఒరేయ్ భద్రం, శుక్రవారం తరవాత ఏమవుతుందో నాకు తెలీదు. ఆ రత్నమాల దొరికిందో లేదో మాత్రం ఈ కంటితో నేనే చదువుకోవాలి” అంది అక్కయ్య.

“నేను చదివి వినిపిస్తాను కదక్కా.”

“నువ్వా? నీ గొంతులో అందరూ ఒకేలా ఏడుస్తార్రా.”

అందుకని మంగళవారం నాడు దుకాణానికి వెళ్లాను. ముగింపు సమానత్వానికి ప్రత్యేకాధికారిగా నిట్టల చిదానందం గారని ఒకాయన వచ్చి ఉన్నారు. మర్యాదస్తుడు. కూర్చోమన్నారు, మంచినీళ్లిప్పించారు.

“అయ్యా, మా అక్కయ్యకి శుక్రవారం పొద్దున్నే కంటి ఆపరేషనండి. ఉన్నది ఒక్క కన్నేనండి. ఒక్కరోజు ముందు ఒక్క పుస్తకం ఇప్పిస్తే చదివేసుకుంటుందండి” అన్నాను.

“సదరు కన్ను కుడిదా, ఎడమదా?”

“ఎడమదండి.”

ఆయన రాసుకున్నారు. “ఎడమ కంటికి ప్రత్యేక కోటా లేదు. కుడికీ లేదనుకోండి. అడగడం మా విధి.”

“ఎవరికీ చెప్పదండి. ఇంట్లోనే ఉంటుంది.”

“చెప్పడం, చెప్పకపోవడం కాదు సమస్య. ఒక పౌరురాలికి ముగింపు తెలిసి, తక్కినవారికి తెలియని పరిస్థితి ఉత్పన్నమవుతుంది. ఆ పరిస్థితిని నివారించడానికే నన్ను నియమించారు.”

నాకొక సందేహం వచ్చింది. అడగవచ్చునో లేదో అనుకుంటూనే అడిగాను. “అయ్యా, మా కొట్టు పక్క గుళ్లో శాస్త్రిగారు ఇరవయ్యేళ్లుగా అదే పురాణం చెబుతున్నారండి. చివర ఏమవుతుందో చంటిపిల్లలకీ తెలుసు. అయినా కల్యాణఘట్టం నాడు జనం వీధిలోకి పొర్లి కూర్చుంటారు. ముగింపు తెలిస్తే వచ్చే నష్టమేంటోనండి, నాకు తెలీకే అడుగుతున్నాను.”

చిదానందం గారు నా వైపు జాలిగా చూశారు. “పురాణ కాలక్షేపం ప్రస్తుతం మా పరిధిలో లేదు” అన్నారు. “తెచ్చేందుకు ప్రతిపాదన పంపాం.”

పుస్తకం నేను కొని తీసుకెళ్లడానికి కూడా వీల్లేదట. నాలుగో నిబంధన ప్రకారం చదివే కన్ను స్వయంగా హాజరు కావాలి.

ఈ మాట చెబితే అక్కయ్య నవ్వింది. “రాత్రి పన్నెండింటికా! దెయ్యాలు కూడా ఆ వేళకి పడుకుంటున్నాయి కదరా ఈమధ్య.” అన్నదే గాని, గురువారం రాత్రి పదింటికే భూతద్దం, చెంబుతో మంచినీళ్లు, ఆసుపత్రి కాగితాలు ఒక సంచీలో సర్దుకుని గుమ్మంలో నిలబడింది. చదవడం అవగానే అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లాలని ఆవిడ ఏర్పాటు.

దుకాణం ముందు నూట నలభై ఇద్దరు పాఠకులు వరసలో ఉన్నారు. రంగు దీపాలు, సన్నాయి, నవల అట్ట మీది బొమ్మతో వేసిన ముగ్గు. పన్నెండు కావస్తోంది గాని ముఖ్య అతిథి గారు రాలేదు. ఆయనకు రైసుమిల్లులున్నాయి, ఊళ్లోని ఏడు కమిటీలకు అధ్యక్షులు. పన్నెండు దాటితే విడుదల చెల్లదు, ఆయన రాకుండా విడుదల చేస్తే ఆయన ఊరుకోరు. చిదానందం గారు క్షణం ఆలోచించి, కుర్చీ ఎక్కి గోడగడియారంలోంచి సెల్లు తీసేశారు.

“అర్ధరాత్రి మన అదుపులో ఉంది. ఎవరూ ఆందోళన చెందనవసరం లేదు” అన్నారు కుర్చీ మీద నుంచే.

ముఖ్య అతిథి గారు పన్నెండూ ముప్పై ఐదుకు వచ్చారు. సెల్లు మళ్లీ వేశారు. పన్నెండు కొట్టింది, చప్పట్లు కొట్టాం. ఆయన ఒకటో నంబరు ప్రతి అందుకుని, చదవడం మంచి అలవాటని, దాని వల్ల చదువు వస్తుందని నాలుగు మాటలు చెప్పి, పుస్తకం చంకలో పెట్టుకుని కారెక్కి వెళ్లిపోయారు. తక్కినవాళ్లం హాల్లో బల్లల ముందు కూర్చున్నాం. ఈల వేశాక అట్ట తెరవాలి.

అక్కయ్య భూతద్దాన్ని వరస మీద జరుపుకుంటూ చదివింది. నేను పక్కన కూర్చుని నామం చెప్పుకున్నాను. మధ్యలో రెండుసార్లు ఆవిడ ముక్కు చీదింది, ఒకసారి “ఓసి నీ దుంపతెగ” అని ఎవరినో పుస్తకంలోని మనిషిని తిట్టింది. నాలుగూ ముప్పావుకు నూట డెబ్బయ్యారో పేజీ తిప్పింది. తరవాత పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘చివరి అధ్యాయము కొరకు మూడవ కౌంటరును సంప్రదించవలెను.’

మూడో కౌంటరులో జూనియర్ అసిస్టెంటు భాగ్యవతి కూర్చుని ఉంది. ఆవిడ వెనక ఇనప బీరువా. అందులో నూట నలభై మూడు లక్క ముద్రల కవర్లు, ఒక్కో దాని మీద ఒక్కో పాఠకుడి పేరు.

“చదివినట్టు నిర్ధారణ చెయ్యాలండి మామ్మగారూ, మూడు ప్రశ్నలడగమన్నారు” అంది భాగ్యవతి మొహమాటంగా. “రత్నమాల వెండి పట్టీ ఎవరికి దొరికింది?”

“యానాం పడవాడికి. వాడు దాన్ని కూతురికి పెట్టాడు. ఆ పిల్లకది వదులైతే పెళ్లాం దారం చుట్టింది. ఎర్రదారం. రెండోది అడుగమ్మా.”

భాగ్యవతి తక్కిన రెండూ అడక్కుండానే ముద్ర వేసింది. “మీరు అర్హులయ్యారండి. కానీ అందరూ ఇక్కడి దాకా చదివాకే బీరువా తెరవాలి. తొమ్మిదో నిబంధన.”

“అందరూ అంటే?”

“నూట నలభై ముగ్గురూనండి.”

అక్కయ్య వెనక్కి తిరిగి హాలంతా చూసింది. సగంమంది చదువుతున్నారు, పాతికమంది బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్నారు. సంచీలోంచి ఆసుపత్రి కాగితాలు తీసి, మడత సరిచేసి, మళ్లీ లోపల పెట్టుకుంది. అది చూసి మా పక్కబల్ల మీదావిడ సంగతేమిటని నన్నడిగింది. చెప్పాను. ఆవిడ వాళ్లాయనకు చెప్పింది. ఐదు నిమిషాల్లో హాలంతా తెలిసిపోయింది.

ఆ తరవాత జరిగింది నేను ఏ గుళ్లోనూ చూడలేదు. నిద్రపోతున్నవాళ్లను లేపారు. త్వరగా చదివేవాళ్లు నెమ్మదిగా చదివేవాళ్ల చెవిలో గబగబా చదివి వినిపించారు. “నూట అరవై దగ్గరున్నాను మామ్మగారూ, వచ్చేస్తన్నాను!” అని ఒకాయన దూరం నుంచి అరిచాడు. పెళ్లానికి తోడుగా వచ్చి, చూస్తూ చూస్తూ తనూ ఒక ప్రతి కొన్న ధాన్యం దళారీ ఒకాయన, అంతకు ముందు భాగాలు చదవకపోయినా, “ఆయ్, రత్నమాల ఎవరో గాని ఆ పిల్ల కోసం ఇదంతా గుటుక్కున మింగేత్తానండి” అంటూ కళ్లు చించుకుని చదివాడు. ఐదుంబావుకు నూట నలభై ఇద్దరికి ముద్రలు పడ్డాయి.

“మిగిలిందెవరు?” అన్నారు చిదానందం గారు.

భాగ్యవతి రిజిస్టరు చూసింది. “ఒకటో నంబరు ప్రతి అండి.”

అందరూ కలిసి చిదానందం గారి చేత ముఖ్య అతిథి గారికి ఫోను చేయించారు. స్పీకరు పెట్టమంటే పెట్టారు.

“తమరిని వేకువనే ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించాలి. సదరు పుస్తకం పఠనం ఎంతవరకు వచ్చిందో సెలవిస్తే...”

“ఏ పుస్తకం?”

“రాత్రి తమరు ఆవిష్కరించినది.”

“అదా! మా ఆవిడ టీవీ పక్కన నిలబెట్టింది. బావుంది.”

“తమరు చదివితే గాని చివరి అధ్యాయం పంపిణీ జరగదండి.”

“చదువుతాం, చదువుతాం. ఈ దాళ్వా ధాన్యం పని అవనివ్వండి” అని ఆయన ఫోను పెట్టేశారు.

“నాయనా” అంది అక్కయ్య, “ఆయన అట్ట మీద బొమ్మ చూడ్డం పూర్తయ్యేసరికి నాకీ కన్ను కూడా పోతుంది. ఆయన్ని లెక్కలోంచి తీసెయ్యరాదూ?”

“ఒకటో నంబరును తీసేస్తే రెండో నంబరు ఒకటో నంబరవుతుందమ్మా. ఆవిష్కరించిన ప్రతి ఏదన్న ప్రశ్న వస్తుంది” అన్నారు చిదానందం గారు. ఆయనకూ బాధగానే ఉంది. నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు. పద్నాలుగో నిబంధన దగ్గర ఆయన ముఖం వెలిగింది. “మాతా, మీకు మార్గముంది! ‘చూపు లేనివారు స్వయముగా చదువజాలరు గనుక, వారికి మిగతావారితో నిమిత్తము లేకుండా, సంస్థ నియమించిన వ్యక్తి చివరి అధ్యాయమును తక్షణము చదివి వినిపించవలెను.’”

“నాకు చూపుంది కదా నాయనా.”

“ఇప్పుడు ఉంది. ఆపరేషను ఆరింటికి కదా? ఒకవేళ విఫలమైతే మీరు వెంటనే అర్హులవుతారు. అన్నింటికన్న మొదటి ప్రాధాన్యం మీదే. నేనే స్వయంగా కవరు తీసుకుని ఆసుపత్రికి వస్తాను.”

“సఫలమైతే?”

“అప్పుడు సాధారణ పాఠకురాలి కింద వస్తారు. వరసలో ఉండాలి.” ఆయన దరఖాస్తు ఫారం నింపి, అక్కయ్య సంతకం తీసుకుని, తలుపు దాకా వచ్చి సాగనంపారు. “అధైర్యపడకండమ్మా. ఏదో ఒకటి జరుగుతుంది” అన్నారు.

ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. ఆపరేషను గది ముందు చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాక నన్ను దగ్గరికి రమ్మంది.

“రత్నమాల బతికే ఉందంటావా?”

“ఉంటుందిలే అక్కా.”

“నీ మాట చెల్లదు. నువ్వు రెండో భాగం కూడా పూర్తిచెయ్యలేదు.” కుర్చీ లోపలికి తోస్తుంటే నా చెయ్యి వదల్లేదు. నర్సు వేళ్లు విడదీయాల్సి వచ్చింది.

బయట బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. ఇన్నేళ్లలో స్వామిని ఏం కోరాలో తెలియక ఆగింది అదే మొదటిసారి. కన్ను నిలబెట్టు తండ్రీ అంటే ముగింపు పోతుంది. ముగింపు ఇప్పించు తండ్రీ అనడానికి నోరు రాదు. రెండూ ఇమ్మంటే పద్నాలుగో నిబంధనకు విరుద్ధం. ఆయనకు ఆ నిబంధన తెలుసో లేదో కూడా నాకు తెలియదు. చివరికి కన్నే అడిగాను. తక్కినది ఆయనకూ చిదానందం గారికీ వదిలేశాను.

శనివారం పొద్దున కట్టు విప్పారు. డాక్టరు చిన్న దీపం వేసి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం మళ్లీ చూస్తానని మాత్రం నర్సుతో చెప్పించాడు. అక్కయ్య నల్లకళ్లద్దాలు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. “ఎలా ఉందక్కా?” అంటే, “ఉండరా, తొందరపెట్టకు” అంది.

పదకొండు గంటలకు చిదానందం గారు వచ్చారు. చేతిలో లక్క ముద్రల కవరు. వెనక రిజిస్టరు పట్టుకుని భాగ్యవతి.

“అర్హత నిర్ధారణకు వచ్చామమ్మా” అన్నారు ఆయన మెల్లగా. “చిన్న పరీక్ష. ఒక వస్తువు చూపిస్తాను. కనబడకపోతే కనబడలేదనండి చాలు. ఇక్కడే, ఇప్పుడే ముద్ర పగలగొట్టి చదివేస్తాం. భాగ్యవతి గారి గొంతు బావుంటుంది, సంస్థ తరఫున నియమించాం కూడా.”

ఆయన కవరు సరిచేసుకుంటుండగా భాగ్యవతి మంచం మీదికి వంగింది. “కనబళ్లేదనండి మామ్మగారూ” అని గొణిగింది. “ఒక్క ముక్క. నేను మొదటి పేజీ చూశాను. చెప్పకూడదు గాని, బావుంటుంది.”

అక్కయ్య నా వైపు తిరిగింది. అబద్ధమాడమని చెప్పడం నా వల్ల కాదు. వద్దని చెప్పడానికీ నోరు పెగల్లేదు. గోడ మీద ఉన్న పటం వైపు చూశాను. అది దేవుడిది కాదు, కంటి లోపలి భాగాలది.

చిదానందం గారు నాలుగడుగులు వెనక్కి వెళ్లి కవరు ఎత్తి పట్టుకున్నారు. అక్కయ్య నల్లకళ్లద్దాలు తీసింది. కొంచెంసేపు రెప్పలు ఆర్పింది. నీళ్లు కారుతుంటే కొంగుతో ఒత్తుకుంది. మళ్లీ చూసింది.

“ఏమైనా కనబడుతోందా అమ్మా?”

ఆవిడ మెడ ముందుకు చాచింది. భాగ్యవతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“లక్క” అంది అక్కయ్య. “ఎర్రలక్క. రెండు ముద్రలు. ఒకటి వంకరగా పడింది.” గొంతు పెరిగింది. “నీ చొక్కాకి మూడో బొత్తాం లేదు నాయనా. భద్రం, ఆయన చొక్కాకి బొత్తాం లేదురా! దారం వేలాడుతోంది. తెల్లదారం, తెల్లచొక్కా మీద తెల్లదారం!”

నేను ఆవిడ కాళ్ల దగ్గర మంచం కోడు పట్టుకుని కూలబడ్డాను.

చిదానందం గారు చొక్కా చూసుకున్నారు. తరవాత కవరును తిరిగి సంచీలో పెట్టి, భాగ్యవతి దగ్గర రిజిస్టరు తీసుకుని, తలవంచి రాశారు. ఒకసారి కలం ఆపి నిట్టూర్చారు కూడా. కాగితం చించి అక్కయ్య చేతికిచ్చారు. “ఈ ఉత్తర్వులో మీ ప్రతిని మీకు ఇవ్వాలమ్మా. ముఖ్య అతిథి గారు రెండో పేజీకి వచ్చారని కబురు. మిమ్మల్ని వరసలో ఉంచాను.”

అక్కయ్య భూతద్దం కోసం వెతుక్కోలేదు. కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, ఒక్కొక్క మాటా పైకి చదివింది.

“‘దరఖాస్తుదారుకు... చూపు... ఉన్నందున... తిరస్కరించడమైనది.’”

పక్క మంచాలవాళ్లు లేచి కూర్చుని వింటున్నారు. అక్కయ్య ముక్కు చీది, ‘చూపు’ అన్న మాట కింద వేలు పెట్టి, మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.